‘నా దగ్గర ఇంతే ఉంది డాక్టర్ గారూ’

మూడు రోజులుగా కుక్కపిల్ల అన్నం ముట్టడం లేదు. మొదటి రోజు ‘ఎండకు అలా ఉందిలే’ అనుకున్నారు. రెండో రోజు పెరుగన్నం పెట్టి చూశారు. వాసన చూసి పక్కకు వెళ్లి పడుకుంది. మూడో రోజు రాత్రి వాంతిలో రక్తపు చార కనిపించింది. మామూలు రోజుల్లోనైతే ఆ ఇంటివాళ్లు మొదటి రోజు సాయంత్రమే క్లినిక్‌లో ఉండేవారు. కానీ ఇంటాయన ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇంటి లోను ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు, పెద్దావిడ బీపీ మాత్రలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అని రాసుకున్న కాగితంలో కుక్కపిల్లకు చోటు లేదు. ‘వెళ్తే బిల్లు ఎంతవుతుందో’ అన్న భయంతోనే మూడు రోజులు గడిచిపోయాయి.

ఇది ఏదో ఒక్క ఇంటి కథ కాదు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో మీ పై అంతస్తులోనే జరుగుతూ ఉండొచ్చు. మన దగ్గర మధ్యతరగతి ఇళ్లలో కుక్కా, పిల్లీ గుమ్మం బయటి నుంచి సోఫా మీదికి వచ్చేశాయి. మంచిదే. అయితే వాటి ఖర్చు గురించి మనం మాట్లాడుకునే తీరు మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉంది. డబ్బున్నప్పుడు పుట్టినరోజు కేకు కోస్తాం. డబ్బు లేనప్పుడు నోరు మూసుకుని, కళ్లు కూడా మూసుకుంటాం.

కష్టకాలంలో చుట్టాలు ఒక మాట అంటారు. ‘ఇంట్లో మనుషులకే దిక్కు లేదు, కుక్కకా?’ ఆ మాటలో సగం నిజముంది. అమ్మ మందులు మానేసి కుక్కకు ఖరీదైన ఆపరేషన్ చేయించమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. పిల్లల ఫీజా, పిల్లి స్కానింగా అంటే ఫీజే ముందు. కానీ ‘అన్నీ చేయించడం’, ‘గాలికి వదిలేయడం’ అనే రెండే దారులున్నట్టు మనం అనుకుంటాం చూశారా, అక్కడ పొరపాటు పడుతున్నాం. ఆ రెంటి మధ్య చాలా చోటుంది. బాధ్యతగా పెంచడమంటే కష్టం వచ్చిన నెలల్లో ఆ మధ్యలో నిలబడగలగడమే. అందుకు ముందుగా కావాల్సింది డబ్బు కాదు. డాక్టర్ ముందు నోరు తెరిచి ఒక మాట చెప్పడం: ‘నా దగ్గర ఇంతే ఉంది డాక్టర్ గారూ.’

ఈ మాట చెప్పడానికి మనకు ఎంత నామోషీయో! కూరగాయల బండి దగ్గర పది రూపాయలకు బేరమాడే మనం, క్లినిక్‌లో ఎస్టిమేట్ చూపించగానే తలూపి, ‘ఇంటికెళ్లి చెప్తాం’ అని బయటపడతాం. మళ్లీ వెళ్లం. డాక్టర్ దృష్టిలో మీరు చికిత్స వద్దనుకున్నవారు. మీ దృష్టిలో ఆయన భరించలేని బిల్లు వేసినవారు. మధ్యలో నలిగేది ఆ మూగజీవి. నిజానికి చాలా జబ్బులకు ఒకటే చికిత్స అంటూ ఉండదు. అత్యుత్తమం, దానికి కొంచెం దిగువన ఉన్నది, కనీసం చేయాల్సింది అని మెట్లుంటాయి. మీ చేతిలో ఎంత ఉందో తెలియకపోతే డాక్టర్ పై మెట్టు నుంచే మొదలుపెడతారు. విదేశాల్లో పశువైద్యులు ఈ మెట్ల పద్ధతిని ‘స్పెక్ట్రమ్ ఆఫ్ కేర్’ అంటున్నారు. పేరు ఏదైనా, మన పాతకాలపు డాక్టర్లు రోగి జేబు చూసి మందు రాసినట్టే ఇదీ.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. పైన చెప్పిన కుక్కపిల్లలాంటి వాటిని ఎక్కువగా బలి తీసుకునేది పార్వో అనే వైరస్. వాంతులు, రక్తవిరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. దీనికి మంచి పద్ధతి ఆస్పత్రిలో ఉంచి రోజుల తరబడి సెలైన్ ఎక్కించడం. ఖర్చూ ఎక్కువే. అలా ఉంచలేనివారి కోసం అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. మొదట అన్ని కుక్కపిల్లలకూ రక్తనాళం ద్వారా సెలైన్ ఎక్కించి నిలదొక్కుకునేలా చేశారు. ఆ తర్వాత సగం వాటికి ఆస్పత్రి చికిత్స కొనసాగించారు. మిగతా సగానికి ఇంటి దగ్గర చేయగలిగిన తరహాలో చర్మం కింద సెలైన్, వాంతులు తగ్గే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇచ్చారు. 2017లో ప్రచురించిన ఫలితాల్లో ఆస్పత్రి చికిత్స పొందిన వాటిలో 90 శాతం, రెండో గుంపులో 80 శాతం బతికాయి. అది 40 కుక్కపిల్లల మీద చేసిన చిన్న అధ్యయనమే. రెండో పద్ధతి మొదటి దానికి సమానమని ఎవరూ అనరు. కానీ ఏ చికిత్సా లేకుండా మూలన పడి ఉండటంతో పోల్చండి. 80 శాతమంటే మాటలా? డాక్టర్‌ను అడిగి ఉంటేనే కదా ఈ దారి తెలిసేది.

అందుకే గదిలోకి వెళ్లగానే, పరీక్షలు మొదలుకాక ముందే, డబ్బు సంగతి చెప్పండి. దాంతోపాటు కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ పరీక్ష ఫలితం చూశాక ఇచ్చే మందు మారుతుందా, లేక ఎలా వచ్చినా ఇదే మందా? ఇవాళే చేయాల్సినవి ఏవి, వారం ఆగగలిగేవి ఏవి? పగలు ఇక్కడ సెలైన్ పెట్టి రాత్రికి ఇంటికి తీసుకెళ్లొచ్చా? ఇదే మందు తక్కువ ధర కంపెనీది ఉందా? ఇవి డాక్టర్‌ను అనుమానించే ప్రశ్నలు కావు. మంచి డాక్టర్ వీటికి విసుక్కోరు. విసుక్కుంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మీకు హక్కుంది.

మందుల గురించి ఇక్కడే ఒక మాట. గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి వాడే డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు మనుషులవీ పశువులవీ ఒకటే. డాక్టర్ మోతాదు రాసిస్తే మామూలు మందుల షాపులోనో, జన ఔషధి కేంద్రంలోనో తక్కువ ధరకు దొరుకుతాయి. అంతే తప్ప, ఇంట్లో మాత్రలున్నాయి కదా అని సొంత వైద్యం వద్దు. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుళ్లు చేస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. కుక్కకు రాయగా మిగిలిన గోమార్ల మందును పిల్లికి రాయడమూ అంతే ప్రమాదం. అందులో పర్మెత్రిన్ ఉంటే పిల్లికి అది విషం. వంద రూపాయలు మిగిల్చుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారిలో చదువుకున్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఫోన్‌లో చూసి మోతాదు లెక్కేస్తారు కాబట్టి!

ప్రైవేటు క్లినిక్ భారమైతే ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. ‘అవి గేదెలకు కదా’ అనే అపోహ పట్నంలో ఎక్కువ. కుక్కలనూ పిల్లులనూ అక్కడా చూస్తారు, ఫీజు నామమాత్రం. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. పశువైద్య కళాశాలల అనుబంధ ఆస్పత్రులు ఇంకో మంచి దారి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో కళాశాలలున్నాయి. చదువు చెప్పే చోటు కాబట్టి సర్జరీకి, మెడిసిన్‌కు వేర్వేరు ప్రొఫెసర్లు ఉంటారు. మీ కుక్క చుట్టూ పదిమంది విద్యార్థులు చేరి చూస్తారు. వేచి ఉండాలి, ఉదయమే వెళ్లాలి, మందులు కొన్ని బయట కొనాల్సి రావచ్చు. ఓపికే అక్కడ అసలు ఫీజు. ఇక 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని పాడి పశువులకు, గొర్రెలకు, మేకలకు ఉద్దేశించినవి. అపార్ట్‌మెంట్ నుంచి పిలిచి, రాలేదని కోప్పడకండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. జీతం ఆగిన ఇంట్లో కుక్క ఖర్చులో ఏం తగ్గించొచ్చు?

చాలా తగ్గించొచ్చు. గ్రూమింగ్ సెలూన్ మానేయండి. ఇంట్లో దువ్వెన, బకెట్ నీళ్లు, జంతువులకు వాడే మామూలు షాంపూ చాలు. నమిలే బొమ్మలు, ప్యాకెట్ బిస్కెట్లు, దుస్తులు లేకపోయినా దానికేం దిగులుండదు. సాయంత్రం పూట మీతో నడక ఉంటే చాలు. దానికి డబ్బక్కర్లేదు, ఉద్యోగం లేని నెలల్లో సమయమూ ఉంటుంది. (హస్కీ కోసం రోజంతా ఏసీ వేసేవారికి ఏం చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు. మంచుదేశపు కుక్కను మే నెల హైదరాబాద్‌కు తెచ్చుకున్నప్పుడే ఆ కరెంటు బిల్లు కూడా తెచ్చుకున్నట్టు.)

తిండి దగ్గర కాస్త జాగ్రత్త. పెద్ద కుక్కకు ఖరీదైన డ్రై ఫుడ్ నుంచి తక్కువ ధర రకానికో, ఇంటి తిండికో మారొచ్చు. ఒక్కసారిగా కాకుండా వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఇంటి తిండి అంటే మిగిలిన చారన్నం కాదు. ఉడికిన అన్నంతో పాటు గుడ్డో, చికెనో, ఉడికిన గుమ్మడి, క్యారెట్ లాంటివో ఉండాలి. ఉప్పూ కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాలను పాడుచేస్తాయి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. నెలల తరబడి ఇంటి తిండే పెట్టాల్సి వస్తే కాల్షియం సంగతి డాక్టర్‌ను అడగండి. ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు అన్నం, మాంసంతో సరిపెడితే ఎముకలు వంకర పోతాయి. ఏడాది నిండేదాకా వాటి ఫుడ్‌ను తగ్గించే జాబితాలో చేర్చకండి. పిల్లి సంగతి పూర్తిగా వేరు. అది మాంసాహారి. దానికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి. అది అందకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. పాలూ అన్నంతో పిల్లి బతుకుతుందనేది మన సామెతల్లోని పిల్లికే చెల్లింది.

మరి తగ్గించకూడనివి? మొదటిది రేబిస్ టీకా. ఇది కుక్క కోసం మాత్రమే కాదు, మీ పిల్లల కోసం. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో అందరి చేతులూ నాకే జీవికి టీకా గడువు దాటనివ్వడం పొదుపు కాదు. పైగా ఇది డబ్బు లేకపోయినా సాధ్యమే. ఏటా జూలై 6న, లూయీ పాశ్చర్ 1885లో ఒక బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజుకు గుర్తుగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచిత టీకా శిబిరాలు పెడతారు. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా కూడా చాలాచోట్ల వేస్తారు. మీ టీకా కార్డు తీసి తేదీ చూసుకోండి.

రెండోది, ఏడాది లోపు పిల్లలకు పార్వో, డిస్టెంపర్ నుంచి కాపాడే టీకాలు. విడతలు పూర్తికాకుండా ఆపేస్తే అంతకుముందు పెట్టిన ఖర్చూ వృథా కావచ్చు. అన్ని విడతలూ పూర్తయి, ఏటా బూస్టర్ వేయించుకుంటున్న పెద్ద కుక్కయితే ఏది ఇప్పుడే కావాలో, ఏది కొంత ఆగగలదో డాక్టర్ చెబుతారు. మూడోది నట్టల మందు, గోమార్ల నివారణ. గోమార్లను కొన్నిచోట్ల పిడుదులంటారు. మూడు నెలలు పనిచేసే మాత్ర కొనలేకపోతే చౌకైన మందు డాక్టర్‌ను అడిగి తెచ్చుకుని, రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వెతికి తీసేయండి. గోమార్ల జ్వరం ముదిరితే రక్తం ఎక్కించాల్సి వస్తుంది. మాత్ర ధర అప్పుడు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

ఆలస్యం చేయకూడని సందర్భాలూ కొన్ని ఉన్నాయి. మగపిల్లి మాటిమాటికీ మట్టి డబ్బాలోకి వెళ్లి ముక్కుతూ మూత్రం రాక అరుస్తుంటే అది మలబద్ధకం అనుకోకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో మందకొడిగా ఉండి, నీళ్లు అతిగా తాగుతూ ఉంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. మర్మావయవం నుంచి చీము కారినా కారకపోయినా అనుమానించాల్సిందే. పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతి చేసుకోబోయి ఏమీ రాక విలవిల్లాడుతుంటే గంటలే గడువు. మళ్లీ మళ్లీ మూర్ఛలు, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం కూడా ఇలాంటివే. ఇక్కడ ‘రేపు చూద్దాం’ అంటే రేపు బిల్లు రెట్టింపైనా అవుతుంది, బిల్లే అవసరం లేకుండానైనా పోతుంది.

మరి ఆ బిల్లుకు డబ్బెక్కడిది? క్రెడిట్ కార్డు గీకేముందు వడ్డీ చూసుకోండి. నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. దానికన్నా అన్నదమ్ములను, స్నేహితులను అడగడం మేలు. డాక్టర్‌ను రెండు మూడు విడతల్లో కట్టొచ్చా అని అడగడం ఇంకా మేలు. చాలాకాలంగా ఒకే డాక్టర్ దగ్గరికి వెళ్లేవారికి ఈ వెసులుబాటు తేలిగ్గా దొరుకుతుంది. పెట్ ఇన్సూరెన్స్ మన దేశంలోనూ ఉంది. కానీ జబ్బు చేశాక తీసుకుంటే ఆ జబ్బుకు వర్తించదు. వయసు పరిమితులూ ఉంటాయి. అది మంచిరోజుల్లో ఆలోచించాల్సిన విషయం.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ‘అమ్మానాన్నలకు తోడుగా ఉంటుంది’ అని గుంటూరులోనో, వరంగల్‌లోనో ఇంటికి ల్యాబ్రడార్‌ను పంపించారు. తోడుగానే ఉంది. కానీ దాని మందులకు అమ్మ తన మోకాళ్ల నొప్పి మాత్రలు వాయిదా వేస్తోందని మీకు చెప్పదు. వీడియో కాల్‌లో కుక్కను చూపిస్తుందే గానీ బిల్లును చూపించదు. మీకు అక్కడ ఉద్యోగం పోయిందని తెలిస్తే ఇంకా చెప్పదు. అడగాల్సింది మీరే, అదీ నేరుగా: ‘ఈ నెల దానికి ఎంతయిందమ్మా?’

ఎంత సర్దుకున్నా ఇక వల్ల కాదనే రోజూ రావచ్చు. అద్దె ఇల్లు మారాల్సి వస్తుంది, ఊరే వదలాల్సి వస్తుంది. అప్పుడు కొందరు చేసే పని రాత్రిపూట కారులో తీసుకెళ్లి ఊరి చివర దించేయడం. ‘ఎలాగో బతుకుతుందిలే’ అంటారు. బతకదు. సోఫా మీద పెరిగిన కుక్కకు చెత్తకుండీ దగ్గర తిండి వెతకడం తెలియదు, ఆ వీధి కుక్కలు దాన్ని రానివ్వవు, లారీకి ఎలా తప్పుకోవాలో తెలియదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ల కిందటి ఆ అంకెను చూసి నవ్వాలో ఏడ్వాలో తెలియదు. జరిమానా చిన్నదని చేసే పని చిన్నదైపోదు.

ఇంకొకరికి అప్పగించడం తప్పు కాదు, దానికి నామోషీ అక్కర్లేదు. అయితే ఆఖరి వారంలో కాకుండా రెండు నెలల ముందే వెతకాలి. ముందు చుట్టాల్లో, ఆఫీసు స్నేహితుల్లో, పొద్దున్నే పార్కులో కలిసే కుక్కల యజమానుల్లో అడగండి. కొన్నాళ్లు ఊళ్లో బాబాయి వాళ్లింట్లో ఉంచినా సరే. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ఎన్నో ఏళ్లుగా సేవ చేస్తున్నాయి. కానీ ఏ షెల్టరైనా గాయపడిన వీధి జంతువులతోనే నిండి ఉంటుంది. మీ కుక్కకు అది మొదటి దారి కాకూడదు. ఇచ్చేటప్పుడు టీకా కార్డు, తినే అలవాట్లు, భయాలు, మందులు రాసి ఇవ్వండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇస్తే మంచిది. లేకపోతే జాతి కుక్కనో, పర్షియన్ పిల్లినో ‘ప్రేమగా పెంచుకుంటాం’ అని తీసుకెళ్లి ఈనించి పిల్లలను అమ్ముకునేవారి చేతిలో పడొచ్చు. తీసుకునేవారి ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి.

ఇక చెప్పడానికి కష్టమైనా చెప్పాల్సిన సంగతి. నయం కాని జబ్బుతో, తగ్గని నొప్పితో ఉన్న ముసలి కుక్కకు నొప్పి తెలియకుండా శాశ్వత నిద్ర ఇవ్వడం గురించి డాక్టర్‌ను అడగడం పాపం కాదు. డబ్బు లేక చికిత్స చేయించలేదన్న అపరాధ భావంతో, దాన్ని మూలన పడేసి చావు కోసం ఎదురుచూడటం కన్నా అది దయగల పని. నయమయ్యే జబ్బయితే మాత్రం ఆ నిర్ణయానికి ముందు ఇంకో డాక్టర్ మాట, కళాశాల ఆస్పత్రి మాట వినండి. ఏది జరిగినా ఇంట్లో పిల్లలకు నిజం చెప్పండి. ‘ఊరికి పంపించాం’ అంటే వాళ్లు నెలల తరబడి గేటు దగ్గర ఎదురుచూస్తారు. డబ్బు ఇబ్బందిగా ఉందని, అందుకే ఇలా చేశామని పదేళ్ల పిల్లాడికి చెప్తే అర్థమవుతుంది. మనం అనుకున్నదానికన్నా బాగా అర్థమవుతుంది.

ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి. టీకా కార్డు వెనక మీ కుక్కకో, పిల్లికో నెలకు అయ్యే ఖర్చు రాయండి. తప్పనిసరివి ఒక వైపు, మానగలిగేవి ఇంకో వైపు. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాల ఎక్కడుందో, ఎన్ని గంటలకు తెరుస్తారో కనుక్కుని అక్కడే రాసిపెట్టండి. ఉద్యోగం ఉన్నవాళ్లయితే ఈ నెల నుంచే 500 రూపాయలు వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి. ఏడాదికి 6 వేలు. పెద్ద ఆపరేషన్‌కు చాలకపోవచ్చు గానీ అర్ధరాత్రి క్లినిక్‌కు వెళ్లాలా వద్దా అని మూడు రోజులు తటపటాయించకుండా ఉండేందుకు సరిపోతుంది. ఉద్యోగం పోయి మళ్లీ దొరికినవాళ్లయితే, తొలి జీతంలో ఆడకుక్కకు వాయిదా వేసిన ఆ గర్భసంచి ఆపరేషన్ చేయించండి. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయిస్తే, చీము పట్టాక చేసేదాని కన్నా ఖర్చూ తక్కువ, ప్రమాదమూ తక్కువ.